దీనమ్మ గ్రంథం, ఒకటో వచనం

మా మందిరంలో ఎవరికైనా దేవుడు మాట వినిపిస్తే అర్జీ పెట్టుకోవాలన్న నిబంధన క్రిందటేడు జూన్‌లో వచ్చింది. దాన్ని టైపు చేసింది నేనే. అందుకని ఆ తర్వాత జరిగిందాంట్లో నా పాపం కూడా కొంత ఉంది.

నా పేరు జీవరత్నం. కొత్తమల్లవరం సీయోను మందిరం ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా గుమాస్తాను. బాప్తిస్మాల రిజిస్టరు, పెళ్ళి ప్రకటనలు, సమాధుల తోటలో స్థలాలు, అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. దేవుడు మాత్రం అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

గొడవకి మూలం ఇద్దరు పెద్దమనుషులు. ఒకరు ఫిలిప్పు మేష్టారు. హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పి రిటైరైన మనిషి. దేవుడు చెప్పదలుచుకున్నదంతా బైబిల్లోని అరవై ఆరు పుస్తకాల్లో చెప్పేశాడని, ఇక ఒక్క అక్షరం కూడా కలపడానికి వీల్లేదని ఆయన వాదన. "ఆఖరి పేజీలో ఆమేన్ అని ఉందా లేదా? వందన సమర్పణ అయిపోయాక ఏ అధ్యక్షుడైనా మళ్ళీ మైకు అందుకుంటాడా?" అనేవారు.

రెండోవారు బ్రదర్ ఎలీషా బాబు. బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు. ఆయనతో దేవుడు రోజూ మాట్లాడతాడు. పాటలు పాడే ఆడవాళ్ళు ఊదా రంగు చీరలు కట్టుకోవాలని ఒకసారి చెప్పాడు. హార్మోనియం కిటికీ వైపు జరపమని ఒకసారి చెప్పాడు. డోలక్ వాయించడానికి ఎలీషా బాబు మేనల్లుడు తప్ప తగినవాడు లేడని మూడుసార్లు చెప్పాడు. "అన్ని వేల ఏళ్ళు మాట్లాడినవాడికి ఇప్పుడు గొంతు పోయిందంటారా మేష్టారూ?" అని ఎలీషా బాబు అడిగేవాడు.

వీళ్ళిద్దరి మధ్యలో మా పాస్టరుగారు, రెవరెండ్ బర్నబా. ఎవరినీ నొప్పించని మనిషి. పెళ్ళికీ చావుకీ ఒకే చిరునవ్వుతో వస్తారు.

వార్షిక మహాసభలో ఈ విషయం మీద మూడు రోజులు చర్చ నడిచింది. మూడో రోజు మధ్యాహ్నం రెండున్నరకి, వెనకాల బిర్యానీ చల్లారిపోతోందని వంటవాళ్ళు కబురు పంపాక, పాస్టరుగారు లేచి ఒక తీర్మానం చదివారు. అది ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. నా దగ్గర ప్రతి ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"దేవుడు నేటికిని మాట్లాడుచున్నాడను అభిప్రాయమును ఈ సభ గౌరవించుచున్నది. ఆయన మాటలు సంపూర్తియైనవను అభిప్రాయమును సమానముగా గౌరవించుచున్నది. కావున ఇకమీదట ఆయన మాట్లాడదలచినయెడల, అట్టి మాటలు నిర్ణీత నమూనాలో, మూడు ప్రతులలో, ఆఫీసు పనివేళలలో దాఖలు కావలెను. ఉపసంఘము ధ్రువీకరించువరకు ఏ దైవవాక్కునకును విధేయత చూపరాదు."

ఉపసంఘానికి పాస్టరుగారు అధ్యక్షులు. ఫిలిప్పు మేష్టారు, ఎలీషా బాబు సభ్యులు. కార్యదర్శిని నేను. పనివేళలు పది నుంచి అయిదు, ఒంటిగంట నుంచి రెండు భోజన విరామం. భోజనవేళ దేవుడు మాట్లాడకూడదని కాదు. మాట్లాడితే రెండింటి తర్వాత రమ్మనేవాణ్ణి.

మొదటి వారంలో నలభై ఒక్క అర్జీలు వచ్చాయి. పక్కింటివాళ్ళ గేదెని దారిలో కట్టొద్దని దేవుడు సెలవిచ్చాడని ఒకాయన రాశాడు. అది పంచాయతీ పరిధిలోకి వస్తుందని తిరగ్గొట్టాం. ఒక ముసలాయనకి ముప్పై ఏళ్ళ కిందట వచ్చిన దర్శనం కాలదోషం పట్టిందని కొట్టేశాం. ఒకావిడకి వచ్చిన కల ఆవిడ తోడికోడలికి వచ్చిన కలకి సరిగ్గా వ్యతిరేకంగా ఉంది. ఇద్దర్నీ మాట్లాడుకుని ఒక కలతో రమ్మన్నాం.

రెండో వారంలో మంగళవారంనాడు దీనమ్మ వచ్చింది.

దీనమ్మ మా మందిరం ఊడుస్తుంది. అంతకుముందు పాతికేళ్ళు తాపీ మేస్త్రీల దగ్గర పనిచేసింది. ఇటుకలు మోసింది, సిమెంటు మాలు కలిపింది. వయసు అరవై దాటింది. చీపురు గుమ్మం బయటే ఆనించి లోపలికొచ్చి నిలబడింది.

"బాబూ, దేవుడు మాట్లాడితే ఇక్కడ రాసుకుంటారంటగా."

"రాసుకుంటాం. నీతో మాట్లాడాడా?"

"మాట్లాడాడు. పడమటి గోడ వంగింది, పిల్లల్ని దాని కింద కూకోబెట్టమాకండి అన్నాడు."

పడమటి గోడంటే మందిరం ఆవరణకి ఆ వైపున ఉన్న ప్రహరీ. దాని అవతల సినిమా హాలు ఉంది. పోస్టర్లు విశ్వాసుల కంట పడకుండా మా పూర్వులు ఆ గోడని రెండు నిలువుల ఎత్తు లేపారు. సాయంత్రం నాలుగింటికి దాని నీడ ఆవరణలో చల్లగా పరుచుకుంటుంది. ఆదివారం బడి పిల్లలు ఆ నీడలో చాపలేసుకుని కూర్చుంటారు, నలభై మంది దాకా.

నేను నమూనా తీశాను. "ఎలా చెప్పాడు? కలా, దర్శనమా, స్వరమా, దూత వచ్చాడా?"

"ఏది రాస్తే తొందరగా అవుద్దో అది రాయండి బాబూ."

స్వరాల అర్జీలు తక్కువగా ఉన్నాయి కాబట్టి స్వరం అని రాశాను.

"సాక్షులు ఇద్దరు కావాలి."

"నేనూ గోడా ఉన్నాం."

సాక్షుల మినహాయింపు కోరుతూ వేరే కాగితం రాయించి, మూడు ప్రతుల మీదా వేలిముద్రలు వేయించాను. దీనమ్మ వేలు కొంగుకి తుడుచుకుంటూ, "ఈ ఆదివారం పిల్లల్ని అటు కూకోబెట్టరుగా?" అని అడిగింది. ధ్రువీకరణ అయ్యేదాకా విధేయత చూపకూడదని చెప్పాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి వెళ్ళిపోయింది.

శుక్రవారం ఉపసంఘం కూర్చుంది. అర్జీ చదవగానే ఫిలిప్పు మేష్టారు కళ్ళజోడు తీసేశారు.

"అధ్యక్షా, ఇందులో సిద్ధాంతం జోలికి నేను పోను. భాష చూడండి. కూకోబెట్టమాకండి. ఆదికాండం మొదలు ప్రకటన దాకా దేవుడు తెలుగులో ఎక్కడైనా ఇలా అన్నాడా?"

"అప్పుడు రాజులతో మాట్లాడాడు మేష్టారూ. ఇప్పుడు దీనమ్మతో మాట్లాడాడు," అన్నాడు ఎలీషా బాబు.

"ఎవరితో మాట్లాడినా ఆయన వ్యాకరణం ఆయనకుంటుంది."

ఇద్దరికీ నచ్చేట్టు భాష సరిదిద్దుదామని పాస్టరుగారు అన్నారు. మేష్టారు కాగితం తీసుకుని ఎర్ర సిరాతో గంటంబావు కూర్చున్నారు. అప్పటికి అది ఇలా తయారైంది: "ఇదిగో, పడమటి ప్రాకారము వంగియున్నది. చిన్నబిడ్డలను దాని నీడను కూర్చుండనియ్యకుడి." చదివి వినిపించడానికి దీనమ్మని పిలిపించాం. అర్జీదారు కాబట్టి కుర్చీ కూడా వేశాం. కుర్చీలో అంచున కూర్చుని అంతా విన్నది.

"బాగుందయ్యా. మరి పిల్లల్ని లేపుతారా?"

"అమ్మా, ఇది ఇంకా ముసాయిదా దశలోనే ఉంది. దీని భావం తేలాలి," అన్నారు పాస్టరుగారు.

భావం తేలడానికి ఇంకో రెండు శుక్రవారాలు పట్టింది. దేవుడు అంతటి వాడు ఒక ఊళ్ళో ఒక ప్రహరీ గురించి మాట్లాడడని మేష్టారు పట్టుబట్టారు. వాక్యమన్నాక సర్వలోకానికీ వర్తించాలి కదా అన్నారు. ఎలీషా బాబుకి ఆ మాట నచ్చింది. వాళ్ళిద్దరూ ఒక మాట మీదికి రావడం నేను చూడటం అదే మొదలు. చివరికి తేలిందేమిటంటే, పడమర అనగా పాశ్చాత్య నాగరికత. ప్రాకారము అనగా దాని డాంబికం. దాని నీడను చిన్నబిడ్డలు కూర్చుండరాదు అనగా ఆదివారం బడి పిల్లలు టైలు కట్టుకోకూడదు, ఇంగ్లీషు పాటలు పాడకూడదు, పుట్టినరోజుకి కేకు కోయకూడదు.

ఈ మేరకు మా పరిధిలోని పన్నెండు శాఖలకీ సర్క్యులర్ పంపాను. ఆ ఆదివారం పిల్లలు టైలు విప్పేసి వచ్చి గోడ కిందే కూర్చున్నారు.

దీనమ్మ సోమవారం పొద్దున్నే ఆఫీసుకొచ్చింది. "మరి గోడ సంగతి బాబూ?"

"గోడంటే గోడ కాదు దీనమ్మా. సర్క్యులర్ వచ్చింది."

"గోడ గోడ కాకపోతే మరేంటయ్యా?"

నేను చదివి వినిపించాను. పూర్తిగా వినకుండానే చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు పడమటి గోడ పక్క రెండుసార్లు ఊడ్చింది. ఊడుస్తూ ఆగి, అరచెయ్యి గోడకి ఆనించి నిలబడటం కిటికీలోంచి చూశాను. పనిలో పడి మళ్ళీ పట్టించుకోలేదు.

శాఖల నుంచి జవాబులు వచ్చాయి. ఎక్కువమంది టైలు లేవని రాశారు. రెండు శాఖలకి మాత్రం పడమట గోడ లేదు. వాక్యం తమకి వర్తించకుండా పోతుందేమోనని బెంగపడి, ఆ రెండూ చందాలు వేసుకుని కొత్తగా పడమటి గోడలు కట్టించుకున్నాయి.

ధ్రువీకరణ అయ్యాక ఆ వాక్యానికి ఏం పేరు పెట్టాలన్నది ఇంకో ప్రశ్న. అరవై ఏడో పుస్తకం అన్న మాట వింటేనే మేష్టారికి ఆయాసం వచ్చేది. ఎలీషా బాబు అంతకు తగ్గనన్నాడు. పాస్టరుగారు చిరునవ్వుతో, "పుస్తకం అనొద్దు, అనుబంధం అందాం. పేరు మాత్రం దీనమ్మ గ్రంథం, ఒకటో అధ్యాయం, ఒకటో వచనం అని ఉంచుదాం," అన్నారు. ఇది అనుబంధం కాబట్టి పుస్తకాలు అరవై ఆరే అని మేష్టారు, పేరులో గ్రంథం ఉంది కాబట్టి అరవై ఏడని ఎలీషా బాబు సంతోషించారు.

అనుబంధమైనా దైవవాక్కే కదా, పాలరాతి మీద చెక్కించాలన్నారు. రాయి మూడడుగుల పొడవు, రెండడుగుల ఎత్తు. ఎక్కడ బిగించాలన్నదాని మీద చర్చే జరగలేదు. వాక్యంలో పడమటి ప్రాకారము అని స్పష్టంగా ఉంది కాబట్టి పడమటి ప్రాకారానికే బిగించాలని ముగ్గురూ ఒక్కసారే అన్నారు.

ప్రతిష్ఠ ఆదివారం సాయంత్రం నాలుగింటికి పెట్టాం. ఆవరణలో తూర్పు వైపు వేదిక, కుర్చీలు, షామియానా. పడమటి గోడ కింద చాపల మీద నలభై మంది పిల్లలు, రాయి బిగించేటప్పుడు పాట పాడటానికి. ముందు వరసలో ఫిలిప్పు మేష్టారి మనవరాలు కెజియా, ఆరేళ్ళది, పూల పళ్ళెం పట్టుకుని కూర్చుంది. గోడ దగ్గర నిచ్చెన మీద మేస్త్రీ, రాయిని గోడకి తాళ్ళతో వేలాడదీసి, సుత్తి, మేకులు పెట్టుకుని తయారుగా ఉన్నాడు.

పాస్టరుగారు మాట్లాడారు. ఎలీషా బాబు మాట్లాడాడు. మేష్టారు "కూర్చుండనియ్యకుడి" అన్న క్రియాపదం సౌందర్యం మీద మాట్లాడుతూ ఉండగా దీనమ్మ వంటపాకలోంచి వచ్చింది. పిల్లలకి పంచాల్సిన బూందీ గంప నెత్తిన పెట్టుకుని ఉంది. చాపల పక్క నుంచి నడుస్తూ, ప్రత్యేకంగా ఎవరితోనూ అన్నట్టు కాకుండా మామూలుగా అంది.

"బూందీ తినేవాళ్ళు వేపచెట్టు కాడికి రండర్రా. ముందొచ్చినోళ్ళకి రెండు గుప్పెళ్ళు."

అంతే. చాపలన్నీ ఖాళీ అయిపోయాయి. పూల పళ్ళెం అక్కడే వదిలేసి కెజియా అందరికంటే ముందు పరిగెత్తింది. ఆవరణ ఆ మూల వేపచెట్టు కింద ఒకటే గోల. మేష్టారు మైకులోంచే, "పిల్లలూ, క్రమశిక్షణ," అన్నారు. ఆదివారం బడి టీచరమ్మ లేచి వాళ్ళని వెనక్కి తోలుకురాబోయింది. పాస్టరుగారు ఆమెని కూర్చోమని సైగ చేసి, కార్యక్రమం ఆలస్యమవుతోందని మేస్త్రీకి చెయ్యి ఊపారు.

మేస్త్రీ మొదటి మేకు కొట్టాడు. రెండోది కొట్టాడు. మూడోది సగం దిగాక సుత్తి ఆపి గోడకి చెవి పెట్టాడు. తర్వాత నిచ్చెన దిగి, చెప్పులు కూడా వేసుకోకుండా, గబగబా వేదిక దాకా నడిచొచ్చి మా పక్కన నిలబడ్డాడు.

"ఏమైంది మేస్త్రీ?" అన్నారు పాస్టరుగారు.

"వస్తోందండి," అన్నాడు.

గోడ మొదట ఊరికే బరువుగా నిట్టూర్చినట్టు చప్పుడు చేసింది. ఆ తర్వాత మొత్తం ఒకేసారి లోపలికి వాలి చాపల మీద పడింది. ఆ దుమ్ములో కాసేపు ఎవరికి ఎవరూ కనపడలేదు. దుమ్ము తగ్గాక చూస్తే, గోడ ఉండాల్సిన చోట అవతల సినిమా పోస్టరు, దాని మీద కత్తి పట్టుకున్న హీరో మా వైపే చూస్తున్నాడు. ఇటుకల గుట్ట మీద పాలరాయి వెల్లకిలా పడి ఉంది. చిన్న బీట కూడా లేదు. అక్షరాలు చక్కగా చదవడానికి వీలుగా ఉన్నాయి.

వేపచెట్టు కింద పిల్లలు బూందీ నములుతూ నిలబడిపోయారు. మేష్టారి చేతిలోంచి మైకు జారింది. ఆయన అలాగే నడుచుకుంటూ వెళ్ళి, కెజియా పక్కన నేల మీద కూర్చుని, పిల్ల చేతిలో బూందీ వంక చూస్తూ ఉండిపోయారు.

విచారణ మంగళవారం జరిగింది. పాస్టరుగారి ముఖాన చిరునవ్వు లేదు. ఇరవై రెండేళ్ళలో నేను అలా చూడటం అదే.

సమస్య ఏమిటంటే, గోడ అనగా గోడ కాదని ఉపసంఘం ఇదివరకే రాతపూర్వకంగా తేల్చింది. గోడేమో సర్క్యులర్‌కి విరుద్ధంగా పడిపోయింది. ఇది ప్రవచనం నెరవేరినట్టా, వ్యాఖ్యానం తప్పినట్టా అని నేను మినిట్స్‌లో రాయాలి. నెరవేరిందని, కాబట్టి రెండో అధ్యాయం మొదలుపెట్టాలని ఎలీషా బాబు అన్నాడు. మేష్టారు కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకున్నారు.

దీనమ్మ వచ్చింది. ఈసారి కుర్చీ వేసినా కూర్చోలేదు.

"పిల్లల్ని వేపచెట్టు దగ్గరికి తీసుకెళ్ళమని కూడా దేవుడే చెప్పాడా అమ్మా?" అని పాస్టరుగారు అడిగారు.

"లేదయ్యా. అది నాకే తోచింది. మేకులు కొడతారని తెలిశాక రెండ్రోజులు అన్నం సయించలేదు. మీరు చెప్తే వినరు, పిల్లలైతే బూందీ అంటే వింటారు గదా అనుకున్నా."

"మరి మొదట వచ్చిన స్వరం?"

దీనమ్మ కొంగు సర్దుకుంది. నా వైపు ఒకసారి చూసి, తలొంచుకుంది.

"గోడ వంగిందని ముందు రెండుసార్లు జీవరత్నం బాబుకి నేనే చెప్పానయ్యా. సినిమా హాలు కాలవ నీళ్ళు పునాదికి దిగుతున్నాయి, అడుగు వరస ఇటుక పిండైపోయింది, చూసి రమ్మన్నా. అట్లాగేలే అన్నాడు. నా మాట ఎవరు వింటారు? ఊడ్చేదాన్ని. దేవుడు చెప్తే రాసుకుంటున్నారని తెలిసింది. అందుకని ఆయన చెప్పాడన్నా. అప్పుడు కుర్చీ వేశారు. అయినా వినలేదు."

ఆమె చెప్పింది నిజమే. రెండుసార్లు వచ్చింది. మొదటిసారి నేను పెళ్ళి ప్రకటన టైపు చేస్తున్నాను. రెండోసారి ఏం చేస్తున్నానో కూడా గుర్తు లేదు.

"అంటే దేవుడు చెప్పలేదన్నమాట," అన్నాడు ఎలీషా బాబు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

"చెప్పలేదని ఎట్టా అనను బాబూ? నేను చూశా. చూసింది చెప్పా. ఇంతకంటే ఆయన ఎట్టా చెప్తాడో నాకు తెలవదు."

పాస్టరుగారు అప్పటిదాకా వచ్చిన అర్జీలన్నీ వెనక్కి ఇచ్చేయమని, ఉపసంఘం తదుపరి ఉత్తర్వుల దాకా సమావేశం కాదని చెప్పారు. తర్వాత లేచి దీనమ్మకి చేతులు జోడించారు. ఆమె కంగారుపడి బయటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె వాంగ్మూలం మీద వేలిముద్ర మర్చిపోయామని ఆమె ఇంటికి వెళ్ళాను. నిజానికి క్షమాపణ చెప్పుకుందామని వెళ్ళాను. కాగితం ఒక వంక. అప్పటికే వాకిట్లో ప్లాస్టిక్ స్టూలు మీద ఫిలిప్పు మేష్టారు కూర్చుని ఉన్నారు. చేతిలో టీ గ్లాసు.

"మా ఇంట్లో వంటగది కిటికీ పైన సన్‌షేడ్ ఉందమ్మా. పెళ్ళలు రాలుతున్నాయి. నువ్వొకసారి వచ్చి చూసిపెట్టాలి," అంటున్నారు.

దీనమ్మ నన్ను చూసి నవ్వింది. "తప్పయిపోయింది దీనమ్మా," అన్నాను. "కాఫీ లేదు బాబూ, టీ తాగుతావా?" అంది.

ముగ్గురం మేష్టారింటికి నడిచి వెళ్ళాం. ఆమె సన్‌షేడ్ కింద నిలబడి పైకి చూసింది. అక్కడున్న చీపురు కర్ర తిరగేసి, దాని కొసతో రెండు చోట్ల తట్టింది. బోలు చప్పుడు వచ్చింది.

"లోపల ఇనుము ఉబ్బిందండి. ఇది ఆగదు. కొట్టించేసి కొత్తది పోయించండి. అందాకా దీని కింద ఎవరూ నిలబడమాకండి. నీళ్ళ బిందెలు ఇక్కడ పెట్టమాకండి."

మేష్టారు పంచె ఎగగట్టి, గోడవారన ఉన్న నీళ్ళ బిందెలు ఒక్కొక్కటే మోసుకెళ్ళి వరండాలో పెట్టసాగారు. నేనూ ఒకటి అందుకున్నాను. ఆ చప్పుడుకి లోపల్నుంచి మేష్టారి భార్య బయటికొచ్చింది.

"పొద్దున్నే ఈ బిందెలెందుకు కదిలిస్తున్నారు? ఎవరు చెప్పారు?"

"దీనమ్మ చెప్పింది," అన్నారు మేష్టారు, ఇంకో బిందె ఎత్తుతూ.